నాలుగు వేళ్ళంత గాలి

ఇంటి నుంచి,
సోమవారం

అక్కకి నమస్కారాలు.

ఎప్పుడూ ఫోన్ చేసే చెల్లెలు ఇప్పుడు కలం పట్టిందేమిటి అనుకుంటావు. మొన్న ఫోన్‌లో నేను చెప్పిందంతా విని, చివర్లో నువ్వు "అంతా బాగానే ఉందన్నమాట, సంతోషం" అన్నావు. నేను చెప్పిందేమో బాగాలేదని. షాపులో హారన్లు పరీక్షించీ పరీక్షించీ నీ చెవులు అలా అయ్యాయి. నాకేమో పుట్టుకతోనే పెద్ద గొంతు లేదు. గట్టిగా చెబుదామంటే పక్క గదిలో అత్తయ్య ఉంటారు. అందుకని ఇవాళ ప్రార్థన అయ్యాక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

సంగతి మా పాత కారుది. దాని అద్దాలు బటన్ నొక్కితే ఎక్కి దిగే రకం కదా, ఏడాదిగా ఒక్కొక్కటే మొరాయిస్తున్నాయి. ముందు ఎడమ పక్కది మూలుగుతూ దిగి, ఎక్కేటప్పుడు సగంలో నిలబడిపోతుంది. దాని వెనకదీ అంతే. అవి ఎలాగో సర్దుకుంటున్నాం. అసలు బాధ డ్రైవర్ వెనక సీటు పక్క అద్దంతో. అది మూసుకుపోయి, కదలడమే మానేసింది. అది అత్తయ్య కిటికీ.

అత్తయ్యకి ఎడమ మోకాలు ఆపరేషన్ అయిందని నీకు తెలుసు. ఆ కాలు సీటు మీద చాపుకోవాలంటే ఆ పక్కే కూర్చోవాలి. ఈయన ఆఫీసుకి వెళ్ళేముందు ఆవిడని వ్యాయామాలు చేయించే క్లినిక్‌కి తీసుకెళ్ళి తెచ్చేవారు. అద్దం దించుకుని, చెయ్యి బయట పెట్టుకుని, గాలి తగులుతుంటే ఆవిడకి హాయి. కిటికీ మూసి ఉంటే కడుపులో తిప్పుతుంది. ఆ అద్దం ఆగిపోయిన వారమే క్లినిక్ గేటు దగ్గర వాంతి అయింది. నలుగురూ చూశారని సిగ్గుపడి, "నేనిక ఆ కారెక్కను, మీరేం చేసుకుంటారో చేసుకోండి" అన్నారు. అద్దె కారు పిలిస్తే సీటు ఎత్తు, మోకాలు వంగలేదు. అప్పట్నుంచీ ఇంట్లోనే. వ్యాయామం చేయించే అమ్మాయి ఇంటికొచ్చి చూసి, ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే మోకాలు బిగుసుకుపోతుంది, తర్వాత ఎంత ఏడ్చినా వంగదు అని చెప్పి వెళ్ళింది.

ఈయన్ని అడిగితే మెకానిక్‌కి చూపించాననీ, ఆ భాగం ఇప్పుడు దొరకడం లేదనీ అన్నారు. మళ్ళీ అడిగితే మొక్కలకి నీళ్ళు పోయడానికి లేచి వెళ్ళిపోతున్నారు. ఆయన ఆఫీసుకి బస్సులో వెళ్తారు కాబట్టి పగలు కారు ఇంట్లోనే ఉంటుంది. బావగారు పోయాక కూడా కార్ల వైరింగ్ షాపు ఒంటిచేత్తో నడుపుతున్నదానివి, నాకు చెప్పు. నేను విప్పి చూస్తాను. కుట్టుమిషను విప్పి బిగించే చేతులే ఇవి.

నీ చెల్లెలు

*

షాపు నుంచి,
గిరాకీ లేని పూట

పిట్టా,

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో నువ్వు మాట్లాడుతుంటే చీమ ప్రవచనం చెబుతున్నట్టు ఉంటుంది. అందుకే అన్నిటికీ "సంతోషం" అంటాను. పెద్దదాన్నయ్యాక నాకు అబ్బిన మర్యాద అదొక్కటే. ఇక నుంచి రాయి. నీ అక్షరాలు మాత్రం గట్టిగానే వినిపిస్తున్నాయి.

విప్పుతానని ఎగబడకు. విప్పడం ఎవడైనా విప్పుతాడు. ముందు అడగాలి. డాక్టరు కత్తి పట్టేముందు నాలుక చూపించమంటాడా లేదా?

మొదట, డ్రైవర్ తలుపు మీద బటన్ల మధ్యలో తాళం బటన్ ఒకటి ఉంటుంది, పిల్లలు వెనక కూర్చుని ఆడకుండా. అది నొక్కి ఉందేమో చూడు. నవ్వకు. దాని కోసం బండి తోసుకొచ్చినవాళ్ళు ఉన్నారు.

రెండోది, తాళం చెవి తిప్పి, ఇంజను మాత్రం వెయ్యకుండా, పైనున్న చిన్న లైటు వెలిగించు. ఒక్కొక్క బటనూ నొక్కుతూ ఆ లైటునే చూడు, అద్దాన్ని కాదు. బటన్ నొక్కగానే లైటు మసకబారిందంటే మోటారు పాపం లాగుతోంది, అద్దమే ఎక్కడో పట్టేసింది. లైటు చలించకుండా, చప్పుడు కూడా లేకుండా ఉందంటే మోటారుకి కరెంటే అందడం లేదు. ఈ రెండిటికీ మందు వేరు. ఇది తెలియకే మోటార్లు మార్చేసి జనం చేతులు కాల్చుకుంటారు.

మూలిగే అద్దాన్ని రెండు అరచేతులతో అటూ ఇటూ పట్టి పైకి సాయం చెయ్యి, ఇంకొకరిని బటన్ నొక్కమను. సాయం చేస్తే ఎక్కిందా, రబ్బరుదే తప్పు.

ఇంకొకటి. రబ్బరుకి ఎవరైనా ఏమైనా పూశారా? అడుగు. ఎవరూ ఒప్పుకోరు, అయినా అడుగు.

మీ అత్తగారిని అడిగానని చెప్పు. ఆవిడ నోటికి నేను భయపడే రోజులు పోయాయి, ఇప్పుడు నాకు వినిపించదుగా.

అక్క

*

ఇంటి నుంచి,
గురువారం

అక్కకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. అత్తయ్య కారు షెడ్డులో కుర్చీ వేయించుకుని, కాలు పీట మీద పెట్టుకుని, బటన్లు నొక్కే పని ఒప్పుకున్నారు. కారెక్కనన్నారు గానీ తలుపు తీసి పక్కన కూర్చోవడానికి అభ్యంతరం లేదట.

తాళం బటన్ నొక్కి లేదు. ఎడమవైపు రెండు అద్దాలకీ బటన్ నొక్కగానే లైటు మసకబారింది. చేతులతో సాయం పడితే రెండూ ఎక్కాయి. "అచ్చం నాలాగే, ఎవరైనా పట్టుకుంటే గానీ లేవడం లేదు" అన్నారు అత్తయ్య.

ఆవిడ కిటికీకి మాత్రం చప్పుడు లేదు. లైటు రెప్ప కూడా వెయ్యలేదు. డ్రైవర్ దగ్గర బటన్ నొక్కినా, వెనక తలుపు మీద బటన్ నొక్కినా అంతే.

రబ్బరుకి ఏమైనా పూశారా అని అడగడానికి నోరు తెరిచానో లేదో, ఆవిడ ముఖం దించుకున్నారు. అద్దాలు బిగుసుకుంటున్నాయని ఎండాకాలంలో ఆవిడే తన తలనూనె తీసుకెళ్ళి అన్ని కిటికీల రబ్బర్లకీ పట్టించారట. కీలుకి నూనె మంచిదేగా అనుకున్నారు. తన కిటికీకి ఇంకాస్త ఎక్కువ పోశారట, రోజూ వాడేది కదా అని.

నా మనసుకి కష్టమైంది దానివల్ల కాదు. ఆ అద్దం ఆగిపోయిన రోజున ఈయన ఆవిడతో, నూనె లోపలికి కారి మోటారు పాడైనట్టుంది అన్నారట. ఆ మాట ఆవిడ నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. "నా చేత్తో నేనే చెడగొట్టుకున్నాను. ఇంక బాగుచేయించమని ఏ ముఖం పెట్టుకుని అడగను?" అన్నారు. ఆవిడ కారెక్కనని మొండికేయడం వాంతి వల్లే అనుకున్నాను. సగం ఇదీ.

మా ఆయన మాటపడి ఊరుకునే మనిషే గానీ మాట అనే మనిషి కాదు. ఆయన పనిచేసే పార్సిల్ కౌంటర్లో ఎవరైనా అరిచినా తలూపి చీటీ రాసిస్తారు. తల్లితో ఆ మాట ఎలా అనగలిగారో నాకు తెలియడం లేదు. దేవుడు నాకు ఓర్పు ఇచ్చాడు, దాన్ని ఖర్చు పెడుతున్నాను.

ఇప్పుడేం చెయ్యను?

నీ చెల్లెలు

*

షాపు నుంచి,
వాన పడుతోంది, పని లేదు

పిట్టా,

ముందు మీ అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించు. అమ్మా, మీ నూనె వల్ల ఎడమవైపు అద్దాలు బిగుసుకున్నాయి, నిజమే. నూనె తాగిన రబ్బరు ఉబ్బుతుంది, దారినపోయే దుమ్మునంతా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటుంది. కానీ మీ కిటికీ మోటారు మీ నూనె వల్ల చావలేదు. నూనెతో పట్టేసిన అద్దం మూలుగుతుంది. మీది మూలగడం లేదు. కాబట్టి నేరం మీది కాదు.

ఇక నీకు. ఒక సన్నటి స్కేలుకి మెత్తటి గుడ్డ చుట్టు. గోరువెచ్చటి సబ్బునీళ్ళలో ముంచి, అద్దం జారే రబ్బరు గాడిలో పైనుంచి కిందికి తుడువు. గుడ్డ మారుస్తూ, నలుపు రావడం ఆగేదాకా. బాగా ఆరనిచ్చి సిలికాన్ స్ప్రే కొట్టు. అది ఆరిపోతుంది, దుమ్ముని అంటనివ్వదు. మళ్ళీ నూనె, గ్రీజు అన్నావంటే మన అక్కాచెల్లెళ్ళ బంధం అక్కడితో సరి.

అత్తగారి కిటికీకి, వెనక తలుపుల రెండు బటన్లూ ఒకటే రకం, పీకి అటుదిటూ ఇటుదటూ పెట్టి చూడు. అయినా కదలకపోతే బటన్ మంచిదే. తలుపుకీ బండికీ మధ్య రబ్బరు గొట్టంలోంచి వైర్లు వెళ్తాయి. తలుపు తీసి మూస్తూ బటన్ నొక్కు. ఒక్కసారైనా ఉలిక్కిపడిందంటే అక్కడ వైరు తెగింది. అదీ కాకపోతే తలుపు లోపలి అట్ట విప్పాలి. పట్టుకునే పిడి లోపల ఒక స్క్రూ, గొళ్ళెం వెనక ఒకటి ఉంటాయి. చుట్టూ ప్లాస్టిక్ మేకులు. చెక్క గరిటెకి గుడ్డ చుట్టి మెల్లగా లేపు. లోపల ఒక ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది, దాన్ని చింపావో వాన నీళ్ళు బండిలోకి వచ్చినట్టే.

ఒక్క మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆ మెకానిక్ ఎవరు? తలుపు విప్పకుండా భాగం పోయిందని ఎలా చెప్పాడు? విప్పి ఉంటే మరి మా మరిది ఆ సంగతి నీకెందుకు చెప్పలేదు?

అక్క

*

ఇంటి నుంచి,
శనివారం

అక్కకి,

ఎడమవైపు అద్దాలు బాగయ్యాయి. గాడుల్లోంచి వచ్చిన మురికి చూసి అత్తయ్య, "నా తలలో కూడా ఇంత ఉండదే" అన్నారు. సబ్బునీళ్ళ బకెట్టు ఎన్నిసార్లు మార్చానో. స్ప్రే కొట్టి బటన్ నొక్కితే అద్దం చప్పుడు లేకుండా అలా పైకి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ దించాను, మళ్ళీ ఎక్కించాను. ఊరికే. ఒక పని తన చేతుల్లో బాగుపడితే ఇంత సంతోషమా అక్కా? నువ్వు రోజూ ఈ సంతోషంతోనే ఉంటావా? నాకు తెలియనే తెలియదు.

నీ మాట చదివి వినిపించాను. అత్తయ్య ఇంకోసారి చదవమన్నారు.

తర్వాత ఆవిడ కిటికీ. బటన్లు మార్చి చూశాను, లేదు. తలుపు తీస్తూ మూస్తూ చూశాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇక అట్ట విప్పాను. నువ్వు చెప్పినంత కష్టం కాలేదు, మేకులు సుళువుగా ఊడి వచ్చాయి. ఒక మేకు లేనే లేదు. లోపలి ప్లాస్టిక్ కాగితం ఒక మూల అప్పటికే ఊడదీసి, మళ్ళీ అంటించి ఉంది. అంటించింది గోధుమరంగు పార్సిల్ టేపుతో.

ఆ మూల లేపి చూశాను. మోటారుకి వెళ్ళే వైర్ల ప్లగ్గు ఊడి ఉంది. కాలలేదు, విరగలేదు. శుభ్రంగా పీకి, దుమ్ము పడకుండా నల్ల టేపు చుట్టి, ఊగకుండా పక్కన కట్టి ఉంది. ఆ టేపు చివర తోకలా మడిచి ఉంది.

మా ఆయన పార్సిల్ కౌంటర్లో చేరినప్పట్నుంచీ టేపు అలాగే వేస్తారు. విప్పేవాళ్ళకి గోళ్ళు అరగకూడదని చివర చిన్న మడత పెడతారు. మా ఇంట్లో పప్పు డబ్బా మీద టేపుకి కూడా ఆ తోక ఉంటుంది. లోకంలో ఇంకెవరైనా అలా వేస్తారేమో నాకు తెలియదు. మా షెడ్డులోకి వచ్చి వెయ్యరు కదా.

నేను చేత్తో కప్పెయ్యబోయాను. అత్తయ్య అప్పటికే కుర్చీలోంచి ముందుకి వంగి చూస్తున్నారు. నేను ఆవిడ ముఖం వంక చూడలేకపోయాను. తర్వాత నవ్వు వినిపించింది.

"వీడు చిన్నప్పుడూ ఇంతే. నేను ఎండలో మిద్దె మీదికి వెళ్తుంటే, వెళ్ళొద్దమ్మా అనడానికి నోరు రాక, నా చెప్పులు దాచేసేవాడు" అన్నారు.

అయితే ఇప్పుడు దేనికి దాచారత్తయ్యా అని అడిగాను. ఆవిడకి తెలియదు. "ఏదో చూసి హడలిపోయుంటాడు. నా నూనె కాదుగా, నాకది చాలు" అన్నారు. నేను చూశానని వాడికి చెప్పకు, సిగ్గుతో చస్తాడు అని నా చేత మాట తీసుకున్నారు.

ఆవిడ నవ్వారు గానీ నేను నవ్వలేకపోయాను. తల్లి ఇన్నాళ్ళు తప్పు తనదనుకుని కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నారు. ఇవాళ ప్రార్థనలో కూడా ఆయన మీద కోపంతోనే కూర్చున్నాను. ప్లగ్గు ఇంకా పెట్టలేదు. పెట్టనా? ఆయన భయపడింది దేనికో తెలియకుండా పెట్టనా?

నీ చెల్లెలు

*

షాపు నుంచి,
ఆదరాబాదరాగా

పిట్టా,

నేను ఎన్నో బళ్ళు విప్పాను గానీ ఇంత మర్యాదగా చెడగొట్టిన బండిని చూడలేదు. పాడుచెయ్యాలనుకున్నవాడు వైరు కోసేస్తాడు. మా మరిది దుప్పటి కప్పి పడుకోబెట్టాడు.

ఎందుకు చేశాడో నేను చెప్పనా? ఆవిడ చెయ్యి బయట పెట్టుకుంటుందని నీ మొదటి ఉత్తరంలోనే రాశావు. ఆ పక్కనుంచే గదా బళ్ళు దూసుకుపోయేది. ఏదో బండి చేతిని రాసుకుంటూ పోయుంటుంది. వాడు వెనక బళ్ళు కనిపించే అద్దంలో చూసుంటాడు. అరిచి చెప్పే మనిషి కాదు, మాట మింగేసి తలుపు విప్పాడు. తర్వాత అమ్మ నూనె సంగతి చెప్పుంటుంది, అదే సందని ఆ అబద్ధం పట్టుకున్నాడు. అది మాత్రం తప్పు. దానికి వాణ్ణి నువ్వు ఏమైనా అను. నీ గొంతుతో ఏమన్నా ఆశీర్వచనంలాగే ఉంటుందనుకో.

ప్లగ్గు పెట్టు. దానితోపాటు నేను పంపే రబ్బరు దిమ్మ కూడా. అద్దాన్ని కింద పట్టుకునే ఇనప పట్టీ దిగే దారిలో, తలుపు రేకుకి ఖాళీ రంధ్రాలుంటాయి. అద్దం నాలుగు వేళ్ళు దిగేసరికి పట్టీ వచ్చి కూర్చునే చోట, దిమ్మని బోల్టుతో బిగించు. గాలి వస్తుంది, చెయ్యి పట్టదు. అద్దం ఆగగానే బటన్ మీంచి వేలు తీసెయ్యమను. నొక్కి పట్టుకుంటే మోటారు వేడెక్కుతుంది.

అక్క

*

ఇంటి నుంచి,
ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చాక

అక్కకి,

నీ పార్సిల్ ఈయనే మోసుకొచ్చారు. "మీ అక్క టేపు ఎలా చుట్టిందో చూడు, విప్పడానికి కత్తి కావాలి" అన్నారు. లోపలేమిటి అని అడిగితే, రబ్బరు ముక్క, తలుపులో అడ్డం పెట్టడానికి అన్నాను. అబద్ధం ఆడలేదు.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళాక దిమ్మ బిగించాను. మొదటిసారి మరీ పైన పడింది, రెండు వేళ్ళే సందు వచ్చింది. అత్తయ్య తన చెయ్యి పెట్టి కొలత చూపించారు, విప్పి కిందికి జరిపాను. ఆ గాడినీ సబ్బునీళ్ళతో తుడిచి ఆరనిచ్చి, ప్లగ్గు పెట్టి బటన్ నొక్కితే అద్దం నాలుగు వేళ్ళు దిగి, కుదురుగా ఆగింది.

ఆ మర్నాడు పొద్దున ఈయన తయారై బయటికి వచ్చేసరికి అత్తయ్య కారులో, తన చోట, కాలు చాపుకుని కూర్చుని ఉన్నారు. కారు తాళం నేను ముందే తిప్పి ఉంచాను. ఆయన్ని చూసి ఆవిడ బటన్ నొక్కారు. అద్దం దిగడం చూసి ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. ఆగిన తర్వాత కూడా అలాగే ఉన్నారు.

అత్తయ్య ఏమీ ఎరగనట్టు, "నీ పెళ్ళాం బాగుచేసిందిరా. ఇంతవరకే దిగుతుందట. దాని మోకాలూ నా మోకాలూ ఇంతే వంగుతాయి. ఎక్కు, క్లినిక్‌కి పోదాం" అన్నారు.

ఆయన నా వైపు చూశారు. నేను అత్తయ్య వైపు తలుపు వేశాను.

సాయంత్రం ఆరేసిన బట్టలు మడతపెడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నారు. దుప్పటి రెండో కొస పట్టుకుని, దాని వంకే చూస్తూ అంతా చెప్పారు. నువ్వు రాసిందే. ఒక బస్సు అత్తయ్య చేతిని గోరంత ఎడంతో దాటుకుని పోయిందట. ఆవిడ కళ్ళు మూసుకుని గాలి పీల్చుకుంటున్నారట, ఏమీ తెలియలేదట. క్లినిక్ చేరేదాకా ఆయన బండిని రోడ్డు అంచునే నడిపారట.

చెయ్యి లోపల పెట్టుకోమని ఒక్క మాట చెబితే పోయేది కదా, నూనె మాట అని ఆవిణ్ణి ఎంత కష్టపెట్టారు అన్నాను. నేను అంత మాట అనడం ఆయనకి కొత్త, నాకూ కొత్తే.

ఆయన దుప్పటి కొస సరిచేశారు. తర్వాత, "ఆపరేషన్ అయినప్పట్నుంచీ అందరూ అమ్మతో వద్దనేవాళ్ళే. వంగొద్దు, ఎక్కొద్దు, కింద కూర్చోవద్దు. కారెక్కి ఆ చెయ్యి బయట పెట్టుకున్నప్పుడే అమ్మ ముఖం మామూలుగా ఉండేది. ఆ ఒక్కటీ నేనే వద్దనాలా?" అన్నారు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. దుప్పటి మడత పూర్తిచేశాం.

మర్నాడు పొద్దున ఆయన అత్తయ్య దగ్గరికి వెళ్ళి, మోటారు పోయింది నూనె వల్ల కాదమ్మా, నేనే తెలియక అన్నాను అని చెప్పారు. అంతవరకు చెప్పగలిగారు. ఆవిడ, "తెలియకపోతే మాత్రం, నా నూనెనంటావా" అని చెవి మెలిపెట్టారు. యాభై దాటిన మనిషి వంగి చెవి అందించారు. ప్లగ్గు సంగతి అమ్మకి ఎప్పటికీ తెలియనివ్వకు అని తర్వాత నన్ను వేరుగా అడిగారు. సరేనన్నాను.

ఇప్పుడు నేను ఇద్దరికీ మాట ఇచ్చినదాన్ని. ఆవిడకి తెలుసని ఆయనకి తెలియదు. ఆయన నా దగ్గర ఒప్పుకున్నారని ఆవిడకి తెలియదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పకపోవడం పాపమా అని ఇవాళ ప్రార్థనలో చాలాసేపు కూర్చున్నాను. పాపమైతే మనసు ఇంత తేలిగ్గా ఉండనిచ్చేవాడు కాడు దేవుడు.

మోకాలు కాస్త బిగిసిందనీ, ఇప్పటికైనా వచ్చారు కాబట్టి దారికొస్తుందనీ వ్యాయామాలు చేయించే అమ్మాయి చెప్పింది. మొదటి వారం అత్తయ్య నొప్పికి ఆ అమ్మాయిని తిట్టని తిట్టు లేదు. మొన్న క్లినిక్ ముందు మెట్టు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కారు. ఎక్కి వెనక్కి తిరిగి, ఈయన చూశారా లేదా అని చూసుకున్నారు. ఆయన చూశారు.

కారులో ఇప్పుడు నేనూ వెళ్తున్నాను. ఆవిడ ఆ నాలుగు వేళ్ళ సందులోంచి వేళ్ళ కొసలు మాత్రం బయట పెట్టి కళ్ళు మూసుకుంటారు. ఈయన ముందు అద్దంలో ఒకసారి చూసి, మళ్ళీ రోడ్డు వైపు చూస్తారు.

అక్కా, నా ఉత్తరాలు పారెయ్యకు. మన ఇద్దరిలో ఎవరమైనా మర్చిపోతే మళ్ళీ చదువుకోవాలి. నీ షాపులో వైర్ల పెట్టె అడుగున పెట్టుకో. వచ్చే నెల వాళ్ళిద్దరూ నీ దగ్గరికి వస్తామంటున్నారు. ఎవరు ఎంత అడిగినా, విడిగా వచ్చి అడిగినా, ఈ కాగితాలు మాత్రం తీసి చూపించకు.

నీ చెల్లెలు